ఫారెక్స్ నిల్వలు: ఎక్కడ దాచాలి, ఏ లెక్క నమ్మాలి?

2022 మార్చి నెలాఖరుకు తన దగ్గర దాదాపు 1.9 బిలియన్ డాలర్ల విదేశీ మారక నిల్వలు ఉన్నాయని శ్రీలంక కేంద్ర బ్యాంకు లెక్క చూపించింది. మే నెల మొదట్లో ఆ దేశ ఆర్థిక మంత్రి పార్లమెంటులో లేచి, వాడుకోడానికి వీలున్నది 50 మిలియన్ డాలర్లు కూడా లేదని చెప్పేశాడు. ఈ మధ్యలో కొంత ఖర్చయిన మాట నిజమే, కానీ అసలు మెలిక వేరే ఉంది. ఆ నిల్వల్లో సింహభాగం చైనా కేంద్ర బ్యాంకుతో చేసుకున్న 10 బిలియన్ యువాన్ల స్వాప్ (తర్వాత తిరిగిచ్చేలా కరెన్సీలు మార్చుకునే ఒప్పందం), అంటే డాలర్లలో 1.5 బిలియన్ల చిల్లర. దాన్ని ముట్టుకోవాలంటే మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలు ముందే చేతిలో ఉండాలన్నది షరతు. అన్ని నిల్వలే ఉంటే ఆ స్వాప్ అవసరమే పడదు కదా!

నిల్వల గురించి మాట్లాడేటప్పుడు నేను పట్టుకునే కొలబద్ద ఇదే: అవసరం పడిన రోజున ఆ డబ్బు చేతికొస్తుందా, రాదా? ఏ ఆస్తిలో పెట్టాలో తేల్చుకునే కేంద్ర బ్యాంకుకూ ఇదే ప్రశ్న. ఏ లెక్క చూసి ఒక అభిప్రాయానికి రావాలో తేల్చుకునే మనకూ ఇదే ప్రశ్న. ముందు కేంద్ర బ్యాంకు కుర్చీలో కూర్చుని చూద్దాం, తర్వాత మన కుర్చీలోకి వద్దాం.

ఏది నిల్వ, ఏది కాదు

ప్రపంచమంతా ఈ విషయంలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నిర్వచనాన్నే అనుసరిస్తుంది. 2009లో వచ్చిన చెల్లింపుల శేషం (విదేశాలతో దేశం జరిపే లావాదేవీల లెక్క) మాన్యువల్ ఆరో కూర్పు ప్రకారం, ద్రవ్య అధికారుల (అంటే కేంద్ర బ్యాంకు వంటి సంస్థల) అదుపులో ఉండి, కావాలనుకున్న వెంటనే అందుబాటులోకి వచ్చే విదేశీ ఆస్తి మాత్రమే నిల్వ. ఇందులో మూడు జల్లెడలున్నాయి. ఆస్తి విదేశీయులు మనకు బాకీ ఉన్నదై ఉండాలి (బంగారానికి ఈ షరతు వర్తించదు). ఎక్కడైనా చెల్లే కరెన్సీలో ఉండాలి. తాకట్టులో ఉండకూడదు.

చెప్పుకోడానికి చాలా సులువు. కానీ ఆచరణలో జారిపోయేది ఇక్కడే. కేంద్ర బ్యాంకు తన డాలర్లను దేశంలోని ఎగుమతిదారులకు అప్పుగా ఇచ్చిందనుకోండి. కాగితం మీద అది డాలర్ ఆస్తే. కానీ బాకీ ఉన్నది స్వదేశీయుడు, పైగా రేపు పొద్దున అడిగితే తెచ్చివ్వలేడు. బంగ్లాదేశ్ చాలా ఏళ్లు ఇలాంటి ఎగుమతి నిధిని నిల్వల్లో కలిపే చెప్పింది. ఐఎంఎఫ్ అప్పు తీసుకున్నాక 2023 జూలై నుంచి రెండు అంకెలూ పక్కపక్కన ప్రకటించాల్సి వచ్చింది. పాత పద్ధతిలో దాదాపు 30 బిలియన్ డాలర్లు, ఐఎంఎఫ్ పద్ధతిలో 23.5 బిలియన్లు. ఒకే బ్యాంకు, ఒకే రోజు, ఆరున్నర బిలియన్ల తేడా.

దీనికి తలకిందుల ఉదాహరణ నార్వే. అక్కడి కేంద్ర బ్యాంకు విభాగమే ప్రపంచంలోకెల్లా పెద్ద సార్వభౌమ నిధిని నడుపుతున్నా, ఆ నిధిని అధికారిక నిల్వల్లో కలపరు. అది ప్రభుత్వ పొదుపు, రేపటి తరాల కోసం దాచింది. కాబట్టి రెండు దేశాల నిల్వలను పోల్చే ముందు, ఆ అంకెలోకి ఏమేం వచ్చాయో, ఏమేం బయట ఉండిపోయాయో చూసుకోకపోతే పోలికే తప్పవుతుంది.

బాండ్లా, డిపాజిట్లా, బంగారమా

నిల్వల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పెద్ద దేశాల ప్రభుత్వ బాండ్లలోనే ఉంటుంది. కారణం వడ్డీ కాదు, సంత పెద్దది కావడం. అమెరికా ట్రెజరీ బిల్లులు ఒక్క రోజులో కొన్ని బిలియన్ల మేర అమ్మినా ధర పెద్దగా కదలదు. పైగా 2020 మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ విదేశీ కేంద్ర బ్యాంకుల కోసం ఒక రెపో కిటికీ తెరిచింది, 2021 జూలైలో దాన్ని శాశ్వతం చేసింది. ట్రెజరీలను అమ్మాల్సిన పని లేకుండా, వాటిని పెట్టి రాత్రికి రాత్రి డాలర్లు తెచ్చుకోవచ్చు. అందరూ అమ్ముతున్న రోజున ఈ సదుపాయం విలువ తెలుస్తుంది.

బాండ్ల లోపల కూడా ఎంపిక ఉంది. మూడు నెలల బిల్లు నగదుతో సమానం. పదేళ్ల బాండు అలా కాదు, వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగితే దాని ధర దాదాపు ఎనిమిది శాతం పడుతుంది. 2022లో ప్రపంచమంతా ఇది అనుభవించింది. విదేశీ ఆస్తుల్లో నాలుగో వంతు దాకా షేర్లలోనూ పెట్టే స్విస్ నేషనల్ బ్యాంకు ఆ ఒక్క ఏడాదే 132 బిలియన్ ఫ్రాంకుల నష్టం చూపించింది. అయినా దివాలా తీయలేదు. సొంత కరెన్సీ ముద్రించుకునే సంస్థ, అదీ జనం ఎగబడి కొనుక్కునే కరెన్సీ కాబట్టి తట్టుకుంది. కరెన్సీని కాపాడుకోడానికే నిల్వలు పోగేసుకునే దేశం స్విట్జర్లాండును చూసి వాతలు పెట్టుకోకూడదని నా అభిప్రాయం. అలాంటి దేశం ముందు ఏడాది దిగుమతులకూ అప్పుల వాయిదాలకూ సరిపడేంత బిల్లుల్లో, డిపాజిట్లలో పెట్టి, మిగిలినదాన్ని పొడవాటి బాండ్లకు మళ్లించడం క్షేమం.

డిపాజిట్లకు మూడు చోట్లున్నాయి: ఇతర కేంద్ర బ్యాంకులు, స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఉన్న బీఐఎస్ (కేంద్ర బ్యాంకులకు బ్యాంకు), వాణిజ్య బ్యాంకులు. మొదటి రెండింటితో పెద్దగా టెన్షన్ లేదు. మూడోదానితో ఏమవుతుందో 1997లో దక్షిణ కొరియా చూపించింది. బ్యాంక్ ఆఫ్ కొరియా తన డాలర్లను సొంత దేశపు బ్యాంకుల విదేశీ శాఖల్లో డిపాజిట్ చేసింది. ఆ శాఖలు వాటితో అప్పులు తీర్చుకున్నాయి. నవంబరు చివరికి అధికారిక అంకె 24 బిలియన్ డాలర్ల పైన ఉంటే, నిజంగా తీసుకోగలిగింది అందులో మూడో వంతు కూడా లేదు. డిపాజిట్ అనగానే నగదు అనుకోకూడదు, ఎవరి దగ్గర ఉందో అడగాలి.

ఇక బంగారం. దీనికి బాకీదారు ఉండడు. ఎవరో దివాలా తీస్తే మన బంగారం పోదు. అలాగే వడ్డీ కూడా రాదు, పైగా కాపలా ఖర్చు. నిల్వల్లో లెక్కకు రావాలంటే కడ్డీ స్వచ్ఛత వెయ్యికి కనీసం 995 పాళ్లు ఉండాలి. ఖజానాల్లో ఉండే మామూలు కడ్డీ 400 ట్రాయ్ ఔన్సులు, అంటే పన్నెండున్నర కిలోలకు కాస్త తక్కువ. చూడ్డానికి ఇటుకంత ఉంటుంది, ఒంటిచేత్తో లేపబోతే మణికట్టు పట్టేస్తుంది.

ధర ఊగిసలాట మాటేమిటంటే, బ్రిటన్ 1999 నుంచి 2002 దాకా 395 టన్నులు అమ్మితే సగటున ఔన్సుకు 275 డాలర్ల లెక్కన వచ్చింది. తర్వాతి పదేళ్లలో ధర ఐదారు రెట్లయింది. దీన్ని తెలివితక్కువతనానికి ఉదాహరణగా చెబుతుంటారు గానీ, ధర పెరగబోతోందని అప్పుడు తెలిసినవాళ్లెవరు? రిస్కు తగ్గించుకోవాలని అమ్మారు, తగ్గింది. పట్టించుకోవాల్సిన బలహీనత ఇంకొకటి: ఉన్నా అమ్మలేకపోవడం. లెబనాన్‌కు 280 టన్నులకు పైగా బంగారం ఉంది. కానీ పార్లమెంటు అనుమతి లేనిదే దాన్ని కదపకూడదని 1986లో చట్టం చేసుకున్నారు. 2019 తర్వాత ఆ దేశ బ్యాంకులు కుప్పకూలిపోతున్నా బంగారం లోపలే ఉండిపోయింది. దాన్ని తినెయ్యకుండా ఆపిందని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు.

ఎస్‌డీఆర్‌ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఐఎంఎఫ్ సృష్టించిన ఆస్తి అది (స్పెషల్ డ్రాయింగ్ రైట్స్), విలువ మాత్రం డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్ కలిపి కట్టింది. 2021 ఆగస్టులో ఐఎంఎఫ్ 650 బిలియన్ డాలర్ల విలువైనవి అన్ని సభ్యదేశాలకూ కోటాల ప్రకారం పంచింది. వీటితో నేరుగా చమురు కొనలేం, ఇంకో సభ్యదేశానికిచ్చి డాలర్లు తెచ్చుకోవాలి. ఇది పెంచుకోవాలనుకుంటే పెరిగే పద్దు కాదు, ఉన్నదాన్ని లెక్కేసుకోవడమే.

మన ఖజానాలోనా, పరాయి ఖజానాలోనా

ఈ ప్రశ్న ఒకప్పుడు నిపుణులకు మాత్రమే పట్టేది. 2022 ఫిబ్రవరి తర్వాత అందరికీ పట్టింది. యుక్రెయిన్‌పై దాడి మొదలైన కొద్ది రోజులకే రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు 300 బిలియన్ డాలర్లు, అంటే సగానికి దగ్గరగా, పాశ్చాత్య దేశాల్లో చిక్కుకుపోయాయి. అందులో పెద్ద వాటా మదుపరుల బాండ్లు, షేర్లు భద్రపరిచే బెల్జియం సంస్థ యూరోక్లియర్‌లో ఉంది. రష్యా సొంత ఖజానాల్లో ఉన్న 2,300 టన్నుల బంగారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేకపోయారు. అంతకు ముందు ఏడాది అఫ్గానిస్తాన్ కేంద్ర బ్యాంకు డబ్బు 7 బిలియన్ డాలర్లు న్యూయార్క్ ఫెడ్‌లో ఇలాగే ఆగిపోయింది. వెనెజువెలా బంగారం 31 టన్నులు లండన్‌లో ఇరుక్కుంది. ఏ ప్రభుత్వాన్ని గుర్తించాలన్న వివాదం కోర్టులదాకా వెళ్లింది.

ఇవి చదివితే అంతా ఇంటికి తెచ్చేసుకోవడమే మేలనిపిస్తుంది. జర్మనీ 2013, 2017 మధ్య న్యూయార్క్, పారిస్‌ల నుంచి 674 టన్నులు ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలించింది. 2019లో పోలండ్ లండన్ నుంచి 100 టన్నులు తెచ్చుకుంది.

కానీ రెండో వైపు కూడా చూడాలి. 1991లో భారత్‌కు చెల్లింపుల సంక్షోభం వచ్చినప్పుడు రిజర్వ్ బ్యాంక్ బంగారం దేశంలోనే ఉంది, ఎవరూ స్తంభింపజేయలేదు. దాని మీద డాలర్లు పుట్టాలంటే మాత్రం దాదాపు 47 టన్నుల్ని విమానాల్లో లండన్‌కు మోసుకెళ్లాల్సి వచ్చింది. అదే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నేలమాళిగలో ముందే ఉండుంటే విమానం అక్కర్లేదు. అక్కడున్న సుమారు 4 లక్షల కడ్డీల్లో అమ్మకమంటే చాలావరకు పుస్తకంలో పేరు మార్చడమే, కడ్డీ అంగుళం కదలదు. రష్యా బంగారం భద్రంగా ఉన్నా 2022 మధ్యలో జీ7 దేశాలు ఆ దేశపు కొత్త బంగారాన్ని కొనొద్దని నిషేధం పెట్టాక, పెద్ద సంతల తలుపులు దానికి మూసుకుపోయాయి.

నన్నడిగితే, ఎవరితో గొడవ రావచ్చో దాన్ని బట్టి ఈ ఎంపిక చేసుకోవాలి. యుద్ధాలు, ఆంక్షల భయం ఉన్న దేశానికి ఇంటి ఖజానా మేలు. డాలర్ల కొరత వస్తుందన్న భయమే ఉన్న దేశానికి లండన్, న్యూయార్క్ మేలు. రెండు భయాలూ ఉన్నవాళ్లు సగం సగం పెట్టుకుంటారు, పెట్టుకుంటున్నారు కూడా. బాండ్లకు మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. డాలర్ బాండు ఎవరి పేరున ఉన్నా చివరికి అమెరికా చట్టం అందేచోటే ఉంటుంది.

లెక్క చూసేవాళ్లకు: నాలుగు కాగితాలు

ఇప్పుడు మన కుర్చీలోకి వద్దాం. నిల్వల గురించి తెలుసుకోడానికి నాలుగు రకాల లెక్కలు దొరుకుతాయి. నాలుగూ నిజమే చెబుతాయి, కాకపోతే నాలుగు వేర్వేరు ప్రశ్నలకు.

మొదటిది వారానికో నెలకో వచ్చే మొత్తం అంకె. భారత రిజర్వ్ బ్యాంకు ప్రతి శుక్రవారం ఇచ్చేది ఇలాంటిదే. వేగంగా వస్తుంది, వార్త అయ్యేదీ ఇదే. ఇందులో పొరపాటుకు చోటెక్కడుందో చిన్న లెక్కతో చూపిస్తాను. ఒక దేశం దగ్గర 100 బిలియన్ డాలర్ల నిల్వలున్నాయి, 60 బిలియన్లు డాలర్ ఆస్తుల్లో, 40 బిలియన్ల విలువైనవి యూరోల్లో. ఆ వారం డాలర్‌తో యూరో 5 శాతం పడింది. యూరో భాగం విలువ 38 అవుతుంది, మొత్తం 98. కేంద్ర బ్యాంకు ఒక్క డాలర్ కూడా అమ్మలేదు. మర్నాడు వార్త మాత్రం ‘కరెన్సీని కాపాడేందుకు 2 బిలియన్లు కరిగించారు’ అని వస్తుంది. బంగారం ధర పెరిగిన వారాల్లో ఇదే తిరగబడి, ఏమీ కొనకుండానే నిల్వలు ‘రికార్డు’ కొడతాయి. ఈ అంకెలో ఒక వారం మార్పును చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. కనీసం మూడు నెలల దిశ చూడండి, విదేశీ కరెన్సీ ఆస్తులు, బంగారం విడివిడిగా చూడండి.

రెండోది నాకు అన్నిటికంటే నమ్మకమైనది: ఐఎంఎఫ్ రిజర్వ్ టెంప్లేట్. దీని పుట్టుకే ఒక మోసపోయిన కథ. 1997 మధ్యలో థాయ్‌లాండ్ నిల్వలు 30 బిలియన్ డాలర్లకు పైగా కనిపించాయి. అందులో చాలా భాగాన్ని ఫార్వర్డ్ ఒప్పందాల్లో (ఇప్పుడు కుదిరిన రేటుకు తర్వాతి తేదీన డాలర్లు ఇచ్చేవి) ముందే మాట ఇచ్చేశారని బయటివాళ్లకు తెలియదు. జూలై 2న ఆ దేశం తన కరెన్సీ బాత్‌ను సంత రేటుకు వదిలేయక తప్పలేదు. మొత్తం అంకె పక్కనే దాని మీదున్న భారాలు కూడా రాయాలన్న పట్టుదలతో 1999లో ఈ పట్టిక వచ్చింది. ఐఎంఎఫ్ డేటా ప్రమాణాల ఒప్పందంలో చేరిన దేశాలు దీన్ని నెలనెలా, నెల తిరక్కుండా ఇవ్వాలి.

ఇందులో నాలుగు భాగాలు. మొదటి భాగం ఉన్నదంతా చెబుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరు రెండో భాగానికి దిగండి: రాబోయే ఏడాదిలో ఖచ్చితంగా బయటికి పోవాల్సిన విదేశీ కరెన్సీ అక్కడ ఉంటుంది. నెలలోపు, ఒకటి నుంచి మూడు నెలలు, మూడు నెలల నుంచి ఏడాది అని మూడు నిలువు వరసల్లో. ఫార్వర్డ్, స్వాప్ బాకీలు ఇక్కడే బయటపడతాయి. ఉదాహరణకు 2025 ఫిబ్రవరి చివరికి భారత్ నికర ఫార్వర్డ్ డాలర్ బాకీ 88 బిలియన్లు దాటింది. మొత్తం నిల్వలు 630 బిలియన్ల పైన ఉన్న దేశానికి అది భయపడాల్సిందేం కాదు, కానీ శుక్రవారం అంకెలో అది కనిపించదని గుర్తుంచుకోవాలి. టర్కీ విషయంలో ఇదే తేడా భయపెట్టేంత అయింది. 2020 తర్వాత చాలా కాలం, మొత్తం నిల్వలు పదుల బిలియన్లలో ఉంటూనే, బ్యాంకుల నుంచి స్వాప్‌లుగా తెచ్చుకున్నవి తీసేస్తే నికరం సున్నా కిందికి పోయింది. మూడో భాగంలో హామీలు, ఆప్షన్ల వంటి ‘రావచ్చు, రాకపోవచ్చు’ బాకీలు. నాలుగో భాగం చిన్న అక్షరాల ముచ్చట. తాకట్టు పెట్టినవి, రెపోలో బయటికిచ్చిన బాండ్లు అక్కడే ఉంటాయి.

మూడోది చెల్లింపుల శేషం. మూడు నెలలకోసారి, ఆలస్యంగా వస్తుంది. కానీ ధరల ఊగిసలాటను తీసేసి కేవలం కొన్నదీ అమ్మిందీ చెబుతుంది. పై ఉదాహరణలో 2 బిలియన్లు నిజంగా ఖర్చయ్యాయా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

నాలుగోది కేంద్ర బ్యాంకు ఆస్తి అప్పుల పట్టీ. ఇక్కడ పద్దు రాసే పద్ధతే అన్నీ తారుమారు చేస్తుంది. అమెరికా తన బంగారాన్ని ఇప్పటికీ ఔన్సుకు 42.2222 డాలర్ల చొప్పున, 1973 నాటి చట్టబద్ధ ధరకే రాస్తుంది. 26 కోట్ల ఔన్సుల పైచిలుకు బంగారం ఆ పుస్తకంలో 11 బిలియన్ డాలర్లు. ఔన్సు 2,000 డాలర్లే అనుకున్నా దాని సంత విలువ 520 బిలియన్లు దాటుతుంది. యూరో దేశాల కేంద్ర బ్యాంకులు అలా కాకుండా మూడు నెలలకోసారి సంత ధరకు మార్చి, పెరిగిన విలువను లాభంగా పంచకుండా వేరే ఖాతాలో ఉంచుతాయి. బ్యాంకు ఆరోగ్యం తెలుసుకోడానికి ఈ పట్టీ బాగుంటుంది. రెండు దేశాల బంగారాన్ని పోల్చాలంటే మాత్రం దీన్ని పక్కనపెట్టి టన్నుల్లో చూడండి.

ఏ కరెన్సీలో ఎంత ఉందో తెలియాలంటే ఐఎంఎఫ్ కోఫర్ లెక్క ఉంది. కాకపోతే అది ప్రపంచం మొత్తానికి కలిపి ఇస్తుంది, దేశాలవారీగా రహస్యం. 1999లో 71 శాతం దగ్గరున్న డాలర్ వాటా ఈ మధ్య 60 శాతం లోపుకు జారిందని దాన్ని చూసే చెబుతున్నారు.

మీకు ఏది సరిపోతుంది

రోజూ వార్తలు చదివేవాళ్లకు వారపు అంకె చాలు, కరెన్సీల ఊగిసలాట గుర్తుంటే. విదేశాలతో లావాదేవీలుండి, ఆ దేశం మన బిల్లు కట్టగలదా అన్న అనుమానం ఉన్నవాళ్లు టెంప్లేట్ రెండో భాగంలో ‘నెలలోపు’ వరస చూసి, దాన్ని మొదటి భాగం నుంచి తీసేయండి. మిగిలినదాన్ని ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పుతో పోల్చండి. అప్పు కంటే నిల్వలు తక్కువుంటే జాగ్రత్త పడాలి. మూడు నెలల దిగుమతుల పాత కొలత వస్తువుల కోసం పుట్టింది. పెట్టుబడులు ఒక్క రోజులో లేచిపోయే దేశాలకు అది చాలదు. పరీక్షలకో, పరిశోధనకో చదివేవాళ్లకు చెల్లింపుల శేషం తప్పదు.

టెంప్లేట్ ఇవ్వని దేశమైతే? అప్పుడు అంకె ఎంత పెద్దదైనా దాన్ని సగం తగ్గించి ఆలోచించడం నా అలవాటు. బంగారం విషయంలో ఇంకాస్త ఓపిక కూడా కావాలి. చైనా 2009 ఏప్రిల్‌లో 1,054 టన్నులని చెప్పి, ఆరేళ్లపాటు అదే అంకె ఉంచి, 2015 జూలైలో ఒక్కసారిగా 1,658 టన్నులంది. ఆ 604 టన్నులు ఒక్క నెలలో కొన్నవి కావని అందరికీ తెలుసు. కానీ గ్రాఫులో చూస్తే ఇప్పటికీ ఆ నెలలోనే కొన్నట్టు నిట్టనిలువు గీత కనిపిస్తుంది.